క్యారెట్టు మొలిచింది సరే, అన్న ఏమయ్యాడు?

చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల మీద విమర్శ రాస్తానంటే మా తరగతిలో నవ్వారు. తొమ్మిదో తరగతికి వచ్చినదానివి, ముప్పై పేజీలు కూడా లేని పుస్తకాల గురించి రాయడానికి ఏముంటుంది అన్నారు. నాకైతే చాలా ఉందనిపించింది. ఈ పుస్తకాలు చదివేది చిన్నవాళ్లే కావచ్చు, వాటిని రాసేది, కొనేది, చేతిలో పెట్టి "చూడు, ఇట్లా ఉండాలి" అని చెప్పేది మాత్రం పెద్దవాళ్లు. పట్టుదల అంటే ఏమిటో, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకరికొకరు ఎట్లా సాయపడాలో పెద్దవాళ్లు ఏమనుకుంటున్నారో తెలియాలంటే ఈ బొమ్మల పుస్తకాలే చూడాలి.

మా బడి గ్రంథాలయం అలమరలో ఇట్లాంటివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషువాటికి మా తెలుగు టీచరమ్మ ఒక ఉపాయం చెప్పారు. తెల్లకాగితం ముక్కల మీద మేమే తెలుగు మాటలు రాసి, ఇంగ్లీషు అక్షరాల మీద అంటించాలి. ఆ తర్వాత ఒకటి, రెండు తరగతుల పిలకాయలకు చదివి వినిపించాలి. అట్లా అంటించిన, చదివిన, విన్న ఐదు కథల గురించి ఇక్కడ రాస్తున్నాను. ప్రతి కథనూ రెండు ప్రశ్నలు అడిగాను. పని ఎవరు చేస్తున్నారు? పని అయిపోయాక బొమ్మలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు?

మొదటిది 'ది క్యారెట్ సీడ్'. 1945లో అమెరికాలో వచ్చింది. మాటలు రూత్ క్రౌస్‌వి, బొమ్మలు ఆమె భర్త క్రాకెట్ జాన్సన్‌వి. ఒక చిన్నపిల్లవాడు క్యారెట్టు విత్తనం నాటుతాడు. అది మొలవదేమోనని అమ్మ అంటుంది, నాన్న అంటాడు. అన్న అయితే మొలవదని తేల్చి చెప్పేస్తాడు. పిల్లవాడు ఎవరికీ బదులు చెప్పడు. రోజూ కలుపు పీకుతాడు, నీళ్లు చల్లుతాడు. ఎన్ని రోజులైనా ఏమీ రాదు. చివరికి ఒకరోజు తోపుడుబండికి సరిపోయేంత పెద్ద క్యారెట్టు వస్తుంది. కథ ఇంతే.

ఈ పుస్తకంలో నాకు నచ్చింది ఆ పిల్లవాడి మౌనం. పట్టుదల కథలంటే చాలావాటిలో ఎవరో ఒకరు గొప్ప మాటలు చెబుతూ ఉంటారు. 1930లో వచ్చిన చిన్న రైలింజను కథ బాగా పేరున్నది. అందులో ఇంజను కొండ ఎక్కుతూ తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ ఉంటుంది. క్యారెట్టు పిల్లవాడికి ఆ మాటలు కూడా లేవు. పట్టుదల అతని నోట్లో లేదు, చేతిలో ఉంది. కలుపు, నీళ్లు, మళ్లీ కలుపు, మళ్లీ నీళ్లు. మా హోసూరు వైపు రాగిచేలో వంగి కలుపు తీసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. ఆ పని చేసేటప్పుడు ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వరు. నడుము నొస్తుంది, అంతే.

ఇంకో సంగతి కూడా చూడాలి. అమ్మానాన్నలు అనుమానపడటంలో తప్పేమీ లేదు. క్యారెట్టు విత్తనం నిజంగానే ఆలస్యంగా మొలుస్తుంది. పది రోజులు పట్టవచ్చు, మూడు వారాలు కూడా పట్టవచ్చు. వాళ్లు బిడ్డ బాధపడతాడేమోనని ముందే మెల్లగా చెబుతున్నారు. అన్న మాట అట్లాంటిది కాదు. అందులో జాలి లేదు, గెలుపు ఉంది. ఇంట్లో అన్నలున్న వాళ్లందరికీ ఆ గొంతు తెలుసు. రూత్ క్రౌస్ ఒక్క చిన్న మాట తీసేసి ఆ తేడా చూపించింది. తెలుగు ముక్క రాసేటప్పుడు దాన్ని కాపాడటానికి మేం అరగంట తగువు పడ్డాం. అమ్మానాన్నల మాటకు చివర "ఏమో" చేర్చాం, అన్న మాటకు చేర్చలేదు.

కానీ ఈ కథతో నాకు పేచీ కూడా ఉంది. చివరి బొమ్మలో క్యారెట్టూ, తోపుడుబండీ, పిల్లవాడూ. అన్న ఏమయ్యాడు? తప్పయిందన్నాడా, బండి తొయ్యడానికి వచ్చాడా? పుస్తకం చెప్పదు. పిల్లవాడు గెలవడం అంటే అన్న కనిపించకుండా పోవడం అన్నట్టు ఉంది. ఇంకొకటి, రెండో తరగతికి ఈ కథ చదివినప్పుడు ఒక పిల్లవాడు, "బోరులో నీళ్లు అయిపోతే?" అని అడిగాడు. వాళ్లది సేద్యం చేసే ఇల్లు. ఆ ప్రశ్నకు ఈ పుస్తకంలో జవాబు లేదు. కలుపు తీసి, నీళ్లు పోసి, నమ్మకంగా కాచుకున్నా మొలవని విత్తనాలు ఉంటాయి. అట్లాంటి ఏడాది మా వైపు ఇళ్లల్లో ఎవరికి పట్టుదల లేదని అనగలం? ఈ పుస్తకం పిల్లలకు ధైర్యం ఇస్తుంది, అది నిజం. పంట రాకపోతే తప్పు నీదే అనే మాట కూడా దాని వెనకాల దాక్కుని ఉంటుంది. చదివి వినిపించే పెద్దవాళ్లు ఆ రెండో మాటను బయటికి తీసి, అది నిజం కాదని చెప్పాలి.

రెండోది రష్యా జానపద కథ, పెద్ద టర్నిప్ కథ. తాత నాటిన టర్నిప్ ఎంతో పెద్దదవుతుంది. తాత లాగితే రాదు. అవ్వ వచ్చి తాతను పట్టుకుంటుంది, మనవరాలు అవ్వను పట్టుకుంటుంది, ఆ తర్వాత కుక్క, పిల్లి. చివరికి ఎలుక వచ్చి తోక పట్టుకునేసరికి టర్నిప్ ఊడివస్తుంది. మా పిలకాయలు టర్నిప్ చూడలేదు కాబట్టి మేం ముల్లంగి అన్నాం. రష్యావాళ్లు ఏమీ అనుకోరు.

ఈ కథ చెప్పగానే టీచర్లు అడిగే ప్రశ్న ఒకటుంది. ముల్లంగిని పీకింది ఎవరు? పిల్లలంతా ఒకే గొంతుతో "ఎలుక!" అంటారు. అది కథను తప్పుగా చదవడం. ఎలుక వచ్చేసరికి మిగతా ఐదుగురూ లాగుతూనే ఉన్నారు. ఒక్కరు చెయ్యి వదిలినా రాదు. చిన్నవాళ్ల బలమూ లెక్కలోకి వస్తుంది అని కథ అంటోంది. చిన్నవాళ్లే గొప్ప అని అనడం లేదు. పిల్లలకు ఎలుక అంటే ఇష్టం కాబట్టి మనం ఆ తేడా చెప్పకుండా వదిలేస్తున్నాం.

ఇందులో నన్ను ఆపిన విషయం వేరే ఉంది. తాత, అవ్వ, మనవరాలు ఉన్నారు. అమ్మానాన్నలు లేరు. ఎందుకు లేరో ఎవరూ చెప్పరు, రెండో తరగతిలో ఎవరూ అడగనూ లేదు. మా పిల్లల్లో చాలామందికి అది వింతగా అనిపించకపోవచ్చు. పొద్దున ఐదు గంటలకే బెంగళూరు బస్సు ఎక్కేవాళ్లు, ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్లు మా ఊళ్లో ఇంటింటా ఉన్నారు. ఇంట్లో మిగిలేది అవ్వా తాతలూ, పిల్లలూ. అందరూ వరసగా పట్టుకుని లాగే ఆ బొమ్మ మా పిల్లలకు నీతికథలాగా కాదు, మా వీధిలాగా కనిపించింది.

మూడోది 'అనాన్సీ ద స్పైడర్'. ఆఫ్రికాలో ఘనా దేశపు అశాంతి ప్రజల కథ ఇది. గెరాల్డ్ మెక్‌డెర్మట్ దీన్ని ముందు యానిమేషన్ సినిమాగా తీసి, తర్వాత 1972లో బొమ్మల పుస్తకం చేశాడు. అనాన్సీ అనే సాలీడుకు ఆరుగురు కొడుకులు. ఒక్కొక్కడికి ఒక్కొక్క విద్యే వచ్చు, ఆ విద్యే వాడి పేరు. మేం తెలుగులో ఆపద కనేవాడు, దారి వేసేవాడు, ఏరు తాగేవాడు, వేట చీల్చేవాడు, రాయి విసిరేవాడు, మెత్త అని పెట్టాం. దూరదేశంలో నాన్నను చేప మింగేస్తుంది. మొదటివాడు కనిపెడతాడు, రెండోవాడు దారి వేస్తాడు, మూడోవాడు ఏరంతా తాగేస్తాడు, నాలుగోవాడు చేపను చీలుస్తాడు. ఇంతలో డేగ వచ్చి నాన్నను ఎత్తుకుపోతుంది. ఐదోవాడు రాయి విసురుతాడు. కిందపడే నాన్నకు దెబ్బ తగలకుండా మెత్త పోయి అడుగున పడుకుంటాడు.

దీన్ని తెలుగు చెయ్యడంలో ఒక చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో పెద్దవాడైనా చిన్నవాడైనా ఒకటే మాట సరిపోతుంది. తెలుగులో అట్లా కుదరదు. అన్న అనాలి, లేకపోతే తమ్ముడు అనాలి. ఎవరు ముందు పుట్టారో తేల్చుకోకుండా మన భాషలో తోబుట్టువును పిలవలేం. పుస్తకంలో చెప్పిన వరసనే పుట్టిన వరసగా తీసుకున్నాం. అప్పుడు ఆపద కనేవాడు అందరికీ అన్న అయ్యాడు, మెత్త అందరికీ తమ్ముడయ్యాడు. అట్లా చేశాక కథ కొంచెం మారిందనే చెప్పాలి. ఆపద ముందుగా చూడాల్సింది పెద్దవాడు, దెబ్బ చివరగా కాయాల్సింది చిన్నవాడు అన్నట్టయింది. అసలు పుస్తకంలో ఆరుగురూ సమానం. బొమ్మల్లో కూడా ఆరుగురూ ఒకే కొలత గీతలతో ఉంటారు. ఎవరు ఎవరో ఒంటి మీది గుర్తులను బట్టి తెలుసుకోవాలి. మన మాటల్లో ఉన్న పెద్దా చిన్నా ఎంత బరువైనవో ఈ పుస్తకం చేస్తేగానీ నాకు తెలియలేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. అనాన్సీకి అడవిలో వెలుగుతున్న గుండ్రటి వస్తువు ఒకటి దొరుకుతుంది. నన్ను కాపాడిన కొడుక్కి ఇస్తానంటాడు. ఏ కొడుక్కి? తేలదు. న్యామే అనే దేవుణ్ణి అది పట్టుకుని ఉండమంటాడు. రాత్రంతా వాదించుకుంటారు. అయినా తేలదు. న్యామే దాన్ని తీసుకుపోయి ఆకాశంలో పెట్టేస్తాడు. అదే చందమామ.

ఐదింటిలో నాకు ఇదే గొప్పది అనిపిస్తుంది. కారణం చెబుతాను. మామూలు నీతికథల్లో అన్నదమ్ములు మొదట కొట్లాడుకుంటారు, కష్టం వస్తుంది, బుద్ధి వచ్చి కలిసిపోతారు. నిజం ఇళ్లల్లో అట్లా జరగదు. కష్టం వచ్చినప్పుడు అందరం ఎవరూ చెప్పకుండానే కలుస్తాం. అవ్వకు జ్వరం వస్తే ఒకరు నీళ్లు కాస్తారు, ఒకరు మందుల షాపుకు పరిగెత్తుతారు. గొడవ ఆ తర్వాత వస్తుంది. ఎవరు ఎక్కువ చేశారు, ఎవరి పేరు చెప్పారు, ఎవరిని మెచ్చుకున్నారు అని. అనాన్సీ కథ ఆ వరసను సరిగ్గా పట్టుకుంది. కలిసి పనిచెయ్యడం కన్నా, పని అయ్యాక పంచుకోవడం కష్టం. కొడుకులు గొడవపడ్డారని పుస్తకం వాళ్లను తిట్టదు. బహుమతిని ఒక్కడికి ఇవ్వదు, ఆరు ముక్కలు కూడా చెయ్యదు. అందరూ చూడగలిగే చోట పెడుతుంది. మా బడిలో గ్రూపు ప్రాజెక్టుకు ఒక్కరికే బహుమతి ఇచ్చేవాళ్లు ఈ పుస్తకం ఒకసారి చూడాలి.

నాలుగోది మనదే, ఏడు చేపల కథ. తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లు దీన్ని చదవరు, వింటారు. బొమ్మల పుస్తకంగా కూడా దొరుకుతుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒక చేప ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డం వచ్చింది అంటుంది. గడ్డిమేటును అడిగితే ఆవును చూపిస్తుంది, ఆవు పసులకాపరిని చూపిస్తుంది, కాపరి తనకు అన్నం పెట్టని అవ్వను చూపిస్తాడు. అవ్వేమో పిల్లాడు ఏడ్చాడంటుంది, పిల్లాడు చీమ కుట్టిందంటాడు. చీమ చెప్పే జవాబు అందరికీ నోటికి వచ్చు కాబట్టి ఇక్కడ రాయను.

దీన్ని అనాన్సీ పక్కన పెట్టి చూడండి. అక్కడ పొగడ్త ఎవరికి ఇవ్వాలో తేలదు. ఇక్కడ తప్పు ఎవరి మీద వెయ్యాలో తేలదు. రెండు కథలూ ఒక్కటే చెబుతున్నాయి. ఒకరి పని ఇంకొకరి పని మీద ఆధారపడి ఉంటుంది, గొలుసులో ఒక్క కొక్కేన్ని పట్టుకుని అంతా నీదే అనడం కుదరదు. ఇందులో పట్టుదల కూడా ఉంది, దాన్ని మనం గమనించం. మొదటి జవాబుతో ఆగిపోకుండా చీమ దాకా పోయి అడగడం పట్టుదలే. మా బడిలో ఎవరైనా హోంవర్కు చెయ్యకపోతే మనం గడ్డిమేటు దగ్గరే ఆగిపోతాం.

అయినా ఇక్కడా నా రెండో ప్రశ్న అడగాలి. మిగతా ఆరుగురు అన్నదమ్ములు ఎక్కడ? వాళ్ల చేపలు ఎండాయి కాబట్టి కథలోంచి వెళ్లిపోయారు. గడ్డిమేటును కాస్త పక్కకు జరపడానికి ఆరుగురిలో ఒక్కడూ రాలేదు. తన చేప ఎండిన తర్వాత పక్కవాడి చేప వైపు చూడకపోవడం గురించి మన కథ చాలా నిజం చెప్పింది, తెలిసి చెప్పిందో తెలియక చెప్పిందో గానీ.

ఇంకొక ఖాళీ కూడా ఉంది. పిల్లాడు ఏడుస్తున్నాడు కాబట్టి అవ్వ అన్నం పెట్టలేకపోయింది. పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఒక అక్క ఉండి ఉంటే? అక్క చంకనెత్తుకునేది, అవ్వ అన్నం పెట్టేది, ఆవు మేసేది, చేప ఎండేది. కథే ఉండేది కాదు! మన ఇళ్లల్లో చేపలన్నీ సరిగ్గా ఎండుతున్నాయంటే ఎక్కడో ఒక అక్క పిల్లాణ్ణి ఎత్తుకుని ఉందని అర్థం.

ఐదోది ఎజ్రా జాక్ కీట్స్ రాసి బొమ్మలు వేసిన 'పీటర్స్ చెయిర్', 1967 నాటిది. పీటర్‌కు చెల్లెలు పుట్టింది. అతని ఉయ్యాల, అతని మంచం, అన్నిటికీ గులాబీరంగు వేసేస్తున్నారు. మిగిలిన చిన్న కుర్చీని తీసుకుని, కుక్కతో సహా ఇంట్లోంచి వెళ్లి గుమ్మం బయటే నిలబడతాడు. కుర్చీలో కూర్చుందామంటే పట్టడు. పెరిగిపోయాడు. లోపలికి వచ్చి, పెద్ద కుర్చీలో నాన్న పక్కన కూర్చుని, చిన్న కుర్చీకి తామిద్దరం చెల్లెలి కోసం రంగు వేద్దామంటాడు.

అసూయ తప్పు అని ఈ పుస్తకం ఎక్కడా అనదు. చెల్లెల్ని ప్రేమించు అని ఎవరూ అతనికి చెప్పరు. కుర్చీయే చెబుతుంది. నిజాయితీ గల పుస్తకం. ఒక్కటి మాత్రం గమనించాను. పీటర్ ఇచ్చేది తనకు పట్టని వస్తువును. మా ఇళ్లల్లో అక్కలు ఇచ్చేది అట్లాంటిది కాదు. నా తరగతిలో ఒక స్నేహితురాలు వారంలో రెండు రోజులు రాదు, వచ్చినా మొదటి పీరియడు అయ్యాక వస్తుంది. ఇంట్లో రెండేళ్ల తమ్ముడు ఉన్నాడు. ఇంకొకామె ఎనిమిది అయ్యాక ఆగిపోయింది. ఆమెకు చదువంటే ఇష్టం లేక కాదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు అంటుంది. పద్నాలుగు దాటగానే ఇంటికి అవసరమైన అక్కలు చాలామంది. వాళ్లు ఇచ్చేది పట్టని కుర్చీని కాదు, తమకు సరిగ్గా పట్టే బల్లను.

తోబుట్టువుల సహకారం గురించిన పుస్తకాలకు నేను ఇచ్చే మార్కులు ఇక్కడే తగ్గుతాయి. ఈ ఐదింటిలోనూ సాయం చెయ్యడానికి ఖర్చు లేదు. లాగారు, వచ్చింది. పరిగెత్తారు, కాపాడారు. సాయం చేసినవాళ్లు పోగొట్టుకున్నది ఏమీ లేదు. సాయానికి ఎంత సమయం పట్టిందో, ఆ సమయం ఎవరి చదువులోంచి వచ్చిందో చెప్పే బొమ్మల పుస్తకం ఒకటి తెలుగులో రావాలి. అది ఏడుపు కథ కావాల్సిన పని లేదు. తమ్ముణ్ణి ఈ పూట నాన్న ఎత్తుకుంటే అక్క బడికి ఎంత తొందరగా పోగలదో చూపించే నవ్వుల పుస్తకమైనా సరే.

అట్లాంటి పుస్తకం వస్తుందని ఆశపడటానికి కారణం ఉంది. మన తమిళనాడు తెలుగు పిల్లల పుస్తకాలకు పరాయిచోటు కాదు. 1945లో 'బాల' పత్రిక, 1947 జూలైలో 'చందమామ' మద్రాసులోనే పుట్టాయి. 'బాల' నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను పిల్లలంతా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవాళ్లు. ఇప్పటికీ చెన్నైలోని తూలిక ప్రచురణలవాళ్లు తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. మా అలమరలోకి అవి ఇంకా రావాలి. అన్ని పుస్తకాల మీదా కాగితం ముక్కలు అంటించుకుంటూ ఉండలేం కదా.

చివరగా టీచర్లకు, అమ్మానాన్నలకు ఒక మనవి. ముక్కలు అంటించేటప్పుడు మాలో ఒకరు ప్రతి పుస్తకం చివర "నీతి: ఐకమత్యమే మహాబలం" అని రాద్దామన్నారు. టీచరమ్మ వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో పిల్లలకు చదివి వినిపించాక అర్థమయింది. నీతి రాసేస్తే బోరు నీళ్ల ప్రశ్న వచ్చేది కాదు. కాబట్టి మీరు ఇంట్లో ఈ పుస్తకాలు చదివేటప్పుడు నీతి ఏమిటని అడగకండి. ఈ బొమ్మలో ఎవరు లేరు అని అడగండి. పిల్లలు వెంటనే చెబుతారు. ఒంటరిగా పని చేస్తున్న పిల్లకు క్యారెట్టు పుస్తకం ఇవ్వండి, కొత్తగా అన్నో అక్కో అయినవాళ్లకు పీటర్ కుర్చీ ఇవ్వండి, ఇంట్లో ఇద్దరికన్నా ఎక్కువమంది ఉంటే అనాన్సీ ఇవ్వండి. ఏడు చేపల కథ పుస్తకం లేకపోయినా పరవాలేదు, అవ్వను అడగండి. అవ్వ కథ చెబుతున్నంతసేపూ చిన్నోణ్ణి ఇంకెవరైనా ఎత్తుకోండి, అక్కను కూడా కూర్చుని విననివ్వండి.